కాచిగూడ గుమ్మటాలు, రేపల్లె పట్టాలు

రైల్వే పద్దుల శాఖలో పనిచేసి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాను. కాలనీలో పాత రైళ్ల మాట వస్తే నన్నే పిలుస్తారు. వినిపించేవి ఎప్పుడూ ఈ నాలుగు మాటలే.

అపోహ: తెల్లవాళ్ల కాలంలో ప్రతి లైనూ ఇంగ్లండు డబ్బుతో వేసినదే.

కాదు. కాచిగూడ స్టేషను కట్టిన 1916లోనే తెనాలి–రేపల్లె లైను తెరిచారు. దాని యజమాని గుంటూరు జిల్లా బోర్డు, అంటే జిల్లా రోడ్లూ దవాఖానాలూ చూసే స్థానిక సంస్థ. మద్రాసు ప్రెసిడెన్సీలో ముందుగా ఈ దారి తొక్కినది తంజావూరు: మాయవరం నుంచి ముత్తుపేటకు 1894లోనే బోర్డు లైను వచ్చింది.

అపోహ: రైలు పన్ను రైతు నడ్డి విరిచింది.

లైను ఖర్చుకు జిల్లా బోర్డు వేసిన పన్ను ఇది: భూమి శిస్తులో రూపాయికి 3 పైలు, అంటే పావు అణా. 64లో ఒక వంతు. చూడటానికి చిన్నదే. కానీ రోడ్లకూ దవాఖానాలకూ కట్టే భూమి సెస్సు మీద ఇది అదనం. పైగా పట్టాలు ఏనాడూ తన ఊరి దరికి రాని రైతు కూడా కట్టవలసిందే. నడ్డి విరగలేదు గాని, సణుగుడు న్యాయమైనదే. బోర్డు అంటే రైతుల సభ అనుకోకండి, అధ్యక్షపీఠం చాలాకాలం కలెక్టరుదే.

అపోహ: రైలును బోర్డే నడిపేది.

ఆస్తి బోర్డుది, నడక కంపెనీది. తంజావూరు లైనును సౌత్ ఇండియన్ రైల్వే, రేపల్లె లైనును మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే నడిపాయి. వసూళ్లలో నడిపిన ఖర్చు కింద కంపెనీ తన వాటా పట్టుకున్నాక మిగిలినదే బోర్డుకు.

అపోహ: మన నిజాం రైలూ బోర్డు లైను లాంటిదే.

ఇక్కడే నాకు ఓపిక పోతుంది. ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాద్ మార్గం 1874లో నిజాం సర్కారు ఖర్చుతో వచ్చింది. తరువాత 1883 ఒప్పందంతో లండన్ కంపెనీ చేతికి వెళ్లింది. పెట్టుబడిపై 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. రైలుకు రాబడి తగ్గితే ఖజానా పూడ్చాలి, వాటాదారుకు మాత్రం చీమ కుట్టినట్లయినా ఉండదు. బోర్డు లైనులో నష్టం జిల్లాదే, లాభమూ జిల్లాదే. తంజావూరు బోర్డు తన లైనును 1903 నాటికి అరంతాంగి దాకా పొడిగించుకుంది. హైదరాబాద్ సర్కారు తన రైలును 1930లో డబ్బిచ్చి తిరిగి కొనుక్కుంది.