మీ ఆవిడకో, మీ ఆయనకో గేమింగ్ సిస్టమ్ కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇవ్వడం నా పని. తన కోసం కొనుక్కునే గేమర్‌తో నాకు పెద్దగా పనుండదు. అన్నీ ముందే చదువుకుని, లిస్టు రాసుకుని, నాతో వాదనకి సిద్ధపడి వస్తాడు. అసలు మాట్లాడాల్సింది భార్యకో భర్తకో కొనిపెడదామని వచ్చేవాళ్లతోనే. ఆడేది ఒకరు, డబ్బు పెట్టేది ఇంకొకరు. ప్రకటనలు గురిపెట్టేది సరిగ్గా ఈ రెండో మనిషికే. "ఐ7 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, గేమింగ్ గ్రాఫిక్స్" అని ఊరిస్తాయి. ఎన్నో తరం ఐ7? ఏ మోడల్ గ్రాఫిక్స్ కార్డు (ఆటలో బొమ్మల్ని తయారుచేసే భాగం)? ఆ రెండూ మాత్రం ఉండవు. అమ్మేవాళ్లు ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నారో అక్కడే వివరం మాయమవుతుంది. మధ్యరకం బడ్జెట్‌లో దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: గేమింగ్ సిస్టమ్ అంటే ఏ ఆటకైనా ఒకటే

"ఏం ఆడతారు?" అని అడిగితే ఎక్కువమంది "ఏవో షూటింగ్ గేములండీ" అంటారు. దాంతో ఏమీ తేలదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 షూటింగ్ ఆటలే. సైబర్‌పంక్ 2077లోనూ తుపాకులు పేలతాయి. కానీ మొదటి రెండింటికీ మామూలు కార్డు సరిపోతుంది. వాటిలో సెకనుకి వందల ఫ్రేములు (ఒకదాని వెనక ఒకటి వచ్చే బొమ్మలు) కోరుకుంటారు గనక భారం ప్రాసెసర్ మీద పడుతుంది. మూడోదాంట్లో రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే సదుపాయం) ఆన్ చేశారంటే ఎంత పెద్ద కార్డునైనా పిండేస్తుంది. ఉన్న డబ్బు అంతే, పంచే తీరు మాత్రం పూర్తిగా వేరు.

సర్‌ప్రైజ్ చెడిపోతుందని అడగడానికి కొందరు జంకుతారు. అడగక్కర్లేదు. వాళ్లు స్టీమ్ (ఆటలు కొని ఆడుకునే యాప్) వాడుతుంటే లైబ్రరీలో ప్రతి ఆట దగ్గరా ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. కొనాలనుకుంటున్నవి విష్‌లిస్ట్‌లో ఉంటాయి. ఆ రెండూ ఫోన్లో ఫోటో తీసుకు రండి. (ఆలుమగల మధ్య ఈమాత్రం గూఢచర్యం తప్పు కాదు.) స్టీమ్‌లో లేని ఆటలూ ఉంటాయి కాబట్టి డెస్క్‌టాప్ మీది ఐకాన్లు కూడా చూడండి. పనిలో పనిగా మానిటర్ వెనక స్టికర్ మీద ఉన్న మోడల్ నంబరు కూడా రాసుకోండి. అదెందుకో కింద చెబుతాను.

అపోహ: ఐ7 అంటే గేమింగ్‌కి, ఐ5 అంటే ఆఫీసు పనికి

ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7 అన్నది ఇంటిపేరు లాంటిది, మనిషెవరో దాంతో తెలియదు. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7నే. అందులో 4 కోర్లు (పనిచేసే చేతుల్లాంటివి), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2022లో వచ్చిన ఐ3-12100లోనూ అంతే, 4 కోర్లు, 8 థ్రెడ్లు. అయినా ఆటల్లో ఈ ఐ3 ఆ పాత ఐ7ని సునాయాసంగా దాటిపోతుంది. పైగా ఆ పాతదాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండి తీరాలి, అంత పాతవాటిలో అవి తరచూ ఉండవు. కాబట్టి చవగ్గా దొరికిన పాత ఐ7 ఒక్కోసారి ఆటనే తెరవనివ్వదు.

మధ్యరకం బడ్జెట్‌కి 6 కోర్లు, 12 థ్రెడ్లున్న ప్రాసెసర్ చాలు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్, ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 7600 ఈ కోవలోవే. మిగిలిన డబ్బు కార్డులో పెట్టండి. ఆడేవి పెద్ద పెద్ద కథల గేములైతే బడ్జెట్‌లో మూడో వంతుకు పైగా కార్డుకే పోయినా నేను వద్దనను.

అపోహ: గ్రాఫిక్స్ కార్డులో జీబీలు ఎంత ఎక్కువైతే అంత గొప్ప

జీటీ 730 అనే కార్డు 4 జీబీతోనూ దొరుకుతుంది. జీటీఎక్స్ 1650లోనూ 4 జీబీయే. ఆటల్లో ఈ రెండింటికీ పోలికే లేదు. జీబీ అంటే కార్డు దగ్గరున్న జాగా, దాని బలం కాదు. బలం చిప్‌లో ఉంటుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. కార్డు పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాకపోవచ్చు. ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీతో ఒకటి, 6 జీబీతో ఒకటి ఉన్నాయి. తేడా 2 జీబీయే కదా అనిపిస్తుంది. కానీ మొదటిదాని చిప్‌లో చిన్న చిన్న గ్రాఫిక్స్ కోర్లు 2560, రెండోదాంట్లో 2304. మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు ఇరుకైపోయింది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీకీ 8 జీబీకీ మధ్య కూడా ఇలాంటి తేడాయే, 192 బిట్లు కాస్తా 128 అయ్యాయి. అందుకే "3050 ఉందండీ" అన్న మాట నాకు సగం మాటే. ఎన్ని జీబీల 3050 అన్నది కూడా తెలియాలి.

అలాగని జీబీలు దండగ అనను. చిప్ ఒకటే అయినప్పుడు, 8 జీబీ, 16 జీబీ రెండూ ఉన్న 4060 టీఐ లాంటి వాటిలో, జాగా ఎక్కువున్నది కొత్త ఆటల్లో పనికొస్తుంది. మెమరీ నిండిపోతే సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనబడుతూ ఆట మాత్రం మధ్యమధ్యలో కుదుపులిస్తుంది. కెమెరా తిప్పినప్పుడల్లా ఆగి ఆగి కదులుతుంది. పోటీ ఆటలు మాత్రమే ఆడేవాళ్లకి 8 జీబీ చాలు. కొత్తగా వచ్చే భారీ గేముల్ని హై సెట్టింగ్స్‌లో ఆడేవాళ్లకి 12 గానీ 16 గానీ చూస్తాను.

అపోహ: 200 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 200 ఫ్రేములు) వస్తుందని రాశారంటే వస్తుంది

ఎలా వస్తుందో కూడా చూడాలి. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే కార్డు అసలు ఫ్రేముల మధ్య తాను ఊహించిన ఫ్రేములు పేరుస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది, మౌస్ స్పందన మాత్రం పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. అసలు ఫ్రేములే సెకనుకి 60 దాకా ఉంటే ఇది మంచి సదుపాయం. 30 దగ్గర ఈడుస్తున్న ఆటని మాత్రం ఇది కాపాడలేదు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే యూనిట్) ఏదైనా ఒకటే, వాట్లు ఎక్కువుంటే చాలు

అందరూ ముందు కోత పెట్టేది దీని మీదే. నాకు మాత్రం దీని మీద రాజీ లేదు.

డబ్బా మీది పెద్దక్షరాలు వదిలేసి యూనిట్ పక్కనున్న స్టికర్ చదవండి. అందులో 12 వోల్టుల గడి ఉంటుంది, దాని కింద ఆంపియర్లు. ఆ రెండూ గుణించండి. పైన "500 వాట్లు" అని ఉండి కింద 25 ఆంపియర్లే ఉంటే, 12 వోల్టుల మీద వచ్చేది 300 వాట్లే. ప్రాసెసరూ కార్డూ బతికేది ప్రధానంగా ఆ 12 వోల్టుల మీదే. 80 ప్లస్ ముద్ర చూసి తృప్తి పడకండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో అది చెబుతుంది గానీ, షార్ట్ అయినప్పుడు మీ కార్డుని కాపాడుతుందో లేదో చెప్పదు.

మరీ పెద్దదీ అక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లు. ఐ5-12400ఎఫ్ పూర్తి వేగంలో 117. ఎన్‌విడియా ఈ కార్డుకి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచిస్తుంది, అందులోనే బోలెడు వెసులుబాటు ఉంది. నాసిరకం 850 కన్నా నాణ్యమైన 550 నయం.

అపోహ: 16 జీబీ ర్యామ్ అంటే 16 జీబీయే

16 జీబీ స్టిక్కు ఒక్కటే పెట్టడం వేరు, 8 జీబీవి రెండు పెట్టడం వేరు. రెండైతే డ్యూయల్ ఛానెల్ పనిచేస్తుంది, అంటే డేటా ఒకేసారి రెండు దారుల్లో నడుస్తుంది. రైజెన్ 5600జీ లాంటి, కార్డు లేకుండా ఆడుకునే సిస్టమ్‌ల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ, లేదా ఏఎండీలో ఎక్స్‌పో, ఆన్ చేయకపోతే డబ్బా మీద రాసిన వేగం రాకపోవచ్చు. ఇంటికొచ్చాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. వేగం, వాడుతున్న స్లాట్ల సంఖ్య రెండూ అక్కడే ఉంటాయి.

అపోహ: మంచి సిస్టమ్ కొంటే పాత మానిటర్‌తో సరిపెట్టుకోవచ్చు

మోడల్ నంబరు రాసుకోమన్నది ఇందుకే. 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు మారే) తెర మీద కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, 144 హెర్ట్జ్‌లో 6.9కి. 60 తెర ముందు 150 ఫ్రేముల సిస్టమ్ పెడితే మీ డబ్బులో చాలా భాగం కంటికి ఆనదు. రెండోవైపు, 4కే తెరలో 1080పీ (మామూలు ఫుల్ హెచ్‌డీ) కంటే సరిగ్గా 4 రెట్లు పిక్సెళ్లు. మధ్యరకం కార్డుకి అది మోయలేని బరువు. నన్నడిగితే కార్డులో ఒక మెట్టు దిగైనా సరే, 1080పీలో 144 హెర్ట్జ్ మానిటర్ కొనమంటాను. పోటీ ఆటలు ఆడేవాళ్లకైతే మరీను.

కొత్త సిస్టమ్ బిగించాక "గేమ్ స్లోగా ఉంది" అని ఫోన్ వస్తే ముందు వెనక కేబుల్ చూడమంటాను. యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉన్న హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దాని కింద విడిగా, అడ్డంగా వరసలో ఉన్నవి కార్డువి. కేబుల్ పైదాంట్లో పెడితే ఆట చాలాసార్లు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తుంది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే ఆ చిన్న గ్రాఫిక్స్ కూడా ఉండదు, తెర నల్లగానే ఉండిపోతుంది. కేబుల్ సరిగ్గానే ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. 144 తెర 60 దగ్గరే కూర్చుని ఉండడం మామూలే.

చిన్నవి కొన్ని

ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఆటలు దాచుకునే వేగమైన డిస్క్) వేగం పెరిగితే ఫ్రేములు పెరగవు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే లోడింగ్‌లో తేడా బాగా తెలుస్తుంది, ఆ పైన అంతంతమాత్రమే. 100 జీబీ దాటే ఆటలున్నాయి కాబట్టి వేగం కన్నా 1 టీబీ జాగా ముఖ్యం.

65 వాట్ల ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ అలంకారం. క్యాబినెట్‌లో రంగుల లైట్లు మీ ఇష్టం, కానీ ముందు భాగం మొత్తం గాజుతో మూసేసి ఉంటే గాలి ఎటునుంచి వెళ్తుందో ఒకసారి అడగండి.

పాత ఆఫీసు కంప్యూటర్ చవగ్గా కొని కార్డు తగిలిద్దామనుకునేవాళ్లు ముందు మూత తీసి చూడాలి. చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకం, బయటిది పట్టదు. సన్నటి క్యాబినెట్ అయితే కార్డే పట్టదు.

డబ్బు కట్టేముందు బిల్లులో ప్రతి భాగం పేరూ మోడల్ నంబరూ విడివిడిగా రాయించండి. కార్డులో ఎన్ని జీబీలు, ర్యామ్ ఎన్ని స్టిక్కులు, ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీది, అన్నీ. "గేమింగ్ పీసీ - 1" అని ఒక్క లైన్ బిల్లు ఇస్తే, కార్డు వారంటీకి వెళ్లిన రోజున మీ దగ్గరున్నది ఏ కార్డో రుజువు చేసుకోవడం కష్టం. విడిగా రాయడానికి ఒప్పుకోని చోట నేనైతే కొనను.