సీఎం సంతకం పెట్టారంటే పని అయిపోయినట్టేనా?

సచివాలయంలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరుగా చేరి, రిటైరయ్యేదాకా ఫైళ్ల మధ్యే బతికాను. ఊరెళ్తే ఇప్పటికీ నన్ను అడిగేవన్నీ ముఖ్యమంత్రి గురించే. "ఆయన తలుచుకుంటే ఎంతసేపు సార్" అంటూ మొదలుపెడతారు. చదువుకున్నవాళ్లు కూడా ఇదే మాటంటారు. అందుకే నాకు బాగా తగిలిన అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: అర్జీ మీద సీఎం సంతకం పడితే మంజూరైనట్టే.

దీన్నే ముందు చెబుతున్నాను, ఎందుకంటే దీన్ని నమ్మి దెబ్బతినేది పేదవాళ్లు. చాలా ఏళ్ల కిందట ఓ పెద్దాయన మా సెక్షన్‌కి వచ్చాడు. అర్జీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు. మార్జిన్‌లో సీఎం సంతకం, దాని పైన మూడు మాటలు: "పరిశీలించి చర్య తీసుకోండి". ఇంటిస్థలం వచ్చేసిందని ఊళ్లో మిఠాయిలు కూడా పంచాడట. ఆ మాటలకు అర్థం "ఇవ్వండి" అని కాదు, "చూడండి" అని. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాగితం జిల్లాకు వెళ్లి, రిపోర్టుతో మళ్లీ పైకి వచ్చేసరికి ఏడాది దాటింది.

అసలు పని నడిచే తీరు వేరు. ఫైలు సెక్షన్‌లో పుడుతుంది. కింద రాసిన నోటు మెట్టుమెట్టూ ఎక్కి సెక్రటరీ దగ్గరికి, అక్కడినుంచి మంత్రి దగ్గరికి వెళ్తుంది. డబ్బుతో కూడిన పనైతే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. అక్కడ ఒక్క కొర్రీ పడిందంటే ఫైలు బయల్దేరిన చోటికే వస్తుంది. పెద్ద విషయమైతే కేబినెట్‌కి వెళ్తుంది. ఇవన్నీ దాటాక జీవో. ఏ జీవో అయినా తీసి చివరి పేజీ చూడండి. "గవర్నర్ ఉత్తర్వుల మేరకు, గవర్నర్ పేరున" అని ఉంటుంది, కింద సంతకం సెక్రటరీది. రాజ్యాంగంలోని 166వ అధికరణం ప్రకారం ప్రభుత్వం చేసే పనులన్నీ గవర్నర్ పేరు మీదే వెలువడాలి. అందుకే అక్కడ ముఖ్యమంత్రి పేరు కనపడదు.

"తొలి సంతకం" సంగతీ అంతే. 2024 జూన్ 13న చంద్రబాబు నాయుడు తొలి సంతకం 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టారు. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. మధ్యలో ఎస్సీ వర్గీకరణ తేలాల్సి వచ్చింది. ఆలస్యమా కాదా అన్నది మీమీ పార్టీలను బట్టి మీరే తేల్చుకోండి. ఫైలు మీద సంతకానికీ, అభ్యర్థి చేతికి వచ్చే కాగితానికీ మధ్య ఇంత నడక ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ అర్జీ మీద సంతకం పడితే సంతోషించండి, కానీ ఫైలు నంబరు అడిగి రాసుకోండి. నంబరు లేని కాగితం ఎక్కడుందో సచివాలయంలో ఎవరూ చెప్పలేరు.

అపోహ: గవర్నర్‌కి కోపమొస్తే సీఎంను దించేయొచ్చు.

ఈ అపోహ గాల్లోంచి పుట్టలేదు. మంత్రులు గవర్నర్ "ఇష్టం" ఉన్నంతకాలం పదవిలో ఉంటారని 164వ అధికరణంలోనే ఉంది. అయితే ఆ పక్కనే, మంత్రివర్గం శాసనసభకు జవాబుదారీ అని కూడా ఉంది. ఈ రెండోది మరిచిపోతే ఏమవుతుందో మనవాళ్లు కళ్లారా చూశారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తప్పించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన మనిషి ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. నెల తిరిగేసరికి రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు.

1989లో కర్ణాటకలోనూ ఇదే గొడవ. సభలో బలం నిరూపించుకుంటానని అక్కడి ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మై అడిగినా గవర్నర్ వినలేదు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య మన కర్నూలు జిల్లా మనిషే. దాని మీద కోర్టుకెళ్లిన బొమ్మై కేసులో 1994లో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది శాసనసభలో, రాజ్‌భవన్‌లో కాదు అని. బలపరీక్ష అన్న మాట ఇవాళ ప్రతి టీవీలో వినిపిస్తోందంటే ఆ తీర్పు చలవే.

సభ దించితే మాత్రం ఎంతవారైనా దిగాల్సిందే. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

అపోహ: ఎమ్మెల్యేగా గెలవనివాళ్లు సీఎం కాలేరు.

కావచ్చు. భవనం వెంకట్రామ్, రోశయ్య ఎమ్మెల్సీలుగా ఉండి ముఖ్యమంత్రులు అయ్యారు. 1992లో కోట్ల విజయభాస్కరరెడ్డి లోక్‌సభ సభ్యుడిగా ఉండి వచ్చి, తర్వాత పాణ్యం ఉప ఎన్నికలో గెలిచారు. ఏ సభలోనూ సభ్యులు కాకపోయినా ఆరు నెలల గడువు ఉంటుంది. గడువు అయ్యాక రాజీనామా చేసి, మర్నాడే మళ్లీ ప్రమాణం చేసి ఇంకో ఆరు నెలలు లాగేద్దామంటే కుదరదు. పంజాబ్ మంత్రి కేసులో 2001లోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. అదే ఏడాది జయలలిత విషయంలో ఇంకొకటి తేల్చింది. ఎన్నికల్లో పోటీకే అనర్హులైనవాళ్లకు ఈ ఆరు నెలల సౌకర్యం కూడా లేదని.

అపోహ: సీఎం తర్వాత అధికారమంతా డిప్యూటీ సీఎందే.

రాజ్యాంగంలో ఆ పదవే లేదు. చట్టం దృష్టిలో డిప్యూటీ సీఎం కూడా ఒక మంత్రే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉన్నారు. ఫైలు మీద వాళ్లు సంతకం పెట్టేది తమ శాఖ మంత్రిగానే. సీఎం రాజీనామా చేసినా, కన్నుమూసినా డిప్యూటీ దానంతటదే సీఎం అయిపోరు. నిజానికి సీఎం లేకపోతే మొత్తం మంత్రివర్గమే ఉండదు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. పోయాక, మర్నాడు రోశయ్య కొత్తగా ప్రమాణం చేయాల్సి వచ్చింది అందుకే.

"ఆపద్ధర్మ ముఖ్యమంత్రి" కూడా రాజ్యాంగంలో కనపడని మాటే. 2018 సెప్టెంబరు 6న కేసీఆర్ సభను రద్దు చేయించాక కూడా పాత కుర్చీలోనే కొనసాగారు. జీతాలు, రోజువారీ ఫైళ్లు నడుస్తాయి. కొత్త పథకాల జోలికి పోకపోవడం మర్యాద.

అపోహ: సీఎంను అరెస్టు చేయకూడదు, చేస్తే పదవి పోతుంది.

రెండు ముక్కలూ తప్పే. క్రిమినల్ కేసులు, అరెస్టు నుంచి 361వ అధికరణం ఇచ్చే రక్షణ రాష్ట్రపతికీ గవర్నర్లకే, ముఖ్యమంత్రికి కాదు. 2024 మార్చి 21న కేజ్రీవాల్ ఢిల్లీ సీఎంగానే అరెస్టయ్యారు, జైల్లో ఉన్నా పదవి పోలేదు. అదే ఏడాది జనవరిలో జార్ఖండ్ సీఎం హేమంత్ సోరెన్ అరెస్టుకు ముందే రాజీనామా చేశారు. అది ఆయన ఎంచుకున్న దారి. పదవికి ఎసరొచ్చేది అరెస్టుతో కాదు, శిక్షతో. మామూలు కేసుల్లో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే అనర్హత. ముప్పై రోజులు నిర్బంధంలో ఉంటే పదవి పోయేలా 2025 ఆగస్టులో ఒక రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది.

మంత్రివర్గం సైజు గురించి ఒక్క మాట. నచ్చినంతమందిని తీసుకునే రోజులు 2003లో వచ్చిన 91వ సవరణతో పోయాయి. సీఎంతో కలిపి శాసనసభ బలంలో 15 శాతమే. 175 సీట్ల ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది. తెలంగాణలో 119కి లెక్క 17.85 వస్తుంది, 18 దాకా తీసుకుంటున్నారు. విస్తరణ అనగానే పేషీల చుట్టూ అంత టెన్షన్ ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

యానాం నుంచి ఎవరైనా చదువుతుంటే, మీ లెక్క కొంచెం వేరు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. అక్కడ ముఖ్యమంత్రిని నియమించేది లెఫ్టినెంట్ గవర్నర్ కాదు, రాష్ట్రపతి.