కాలి బొటనవేలి నుంచి పుర్రె దాకా ఒకే కణం

ఒక పాఠకురాలు అడిగారు: "కాలు మడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది. లేచి అడుగు వేయబోతే పాదం ఎక్కడ ఆనిందో తెలియక తూలిపోతాం. కాలు కంటికి కనిపిస్తూనే ఉంది కదా, మరి తెలియకపోవడం ఏమిటి?"

కాలు ఎక్కడుందో చూడకుండా తెలుసుకోవడం మనకు ఎంత అలవాటంటే, అదొక ఇంద్రియమన్న సంగతే గుర్తుండదు. బడిలో ఐదు ఇంద్రియాలే నేర్పుతారు. ఆరోది అనగానే జరగబోయేది ముందే తెలియడం, దెయ్యాలను పసిగట్టడం అంటూ ఏవేవో చెబుతారు. అసలైన ఆరోది మన కండరాల్లోనే ఉంది. కళ్లు మూసుకుని చూపుడువేలితో ముక్కు కొస ముట్టుకోండి. వేలు తిన్నగా వెళ్లి తగిలిందంటే అది పనిచేస్తున్నట్టే. బ్రిటిష్ నాడీశాస్త్రవేత్త చార్ల్స్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రోప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. ఈ ప్రయోగానికి పైసా ఖర్చు లేదు, ప్రతి తరగతిలోనూ చేయించాలి.

కండరాల లోపల కదురు ఆకారంలో సన్నటి సాధనాలుంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగుతోంది అన్నది అవి చెబుతాయి. చర్మంలో స్పర్శకు వేరే రకాలున్నాయి. రెండు చోట్లా ముఖ్యమైన తలుపు మాత్రం ఒకటే, పీజో2 అనే ప్రోటీన్. కణపు పొర సాగితే అది తెరుచుకుంటుంది, ధనావేశమున్న అయాన్లు లోపలికి దూరతాయి, విద్యుత్ సంకేతం పుడుతుంది. పీజో ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో డేవిడ్ జూలియస్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. పుట్టుకతోనే పీజో2 పనిచేయని వాళ్లు కళ్లకు గంతలు కడితే సరిగా నడవలేరు.

నాకు అంతకన్నా అబ్బురంగా తోచేది ఆ తలుపు వెనకున్న తీగ. బొటనవేలి చర్మాన్ని దూదితో తాకితే, ఆ కబురు మోసే నాడీకణం కొస వేలిలోనే ఉంటుంది. కణం ఒళ్లు మాత్రం నడుము కింద, వెన్నుపూసల పక్కనున్న చిన్న నాడీముడిలో ఉంటుంది. అక్కడి నుంచి అదే కణం ఇంకో కొమ్మను వెన్నుపాములోకి పంపుతుంది. ఆ కొమ్మ మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎవరికీ అప్పగించకుండా మెదడు అడుగునున్న మెడుల్లా దాకా వెళుతుంది. పొడవైన మనిషిలో ఇది మీటరున్నర దాటుతుంది. మధ్యలో అతుకు లేదు, అంతా ఒకే కణం!

ఈ కణాన్ని వెయ్యి రెట్లు పెద్దది చేసి ఊహించుకోండి. కణం ఒళ్లు క్రికెట్ బంతంత అవుతుంది. దాని తీగ చిటికెన వేలంత మందంతో కిలోమీటరున్నర పొడవున సాగుతుంది. తీగను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగు మధ్య దాదాపు మిల్లీమీటరుకొకటి చొప్పున ఉండే ఖాళీల మీదుగా సంకేతం గంతులు వేస్తూ సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుంది. అంటే మెడుల్లాకు చేరడానికి సెకనులో వందో వంతులు మూడు చాలు. అక్కడ రెండో కణం అందుకుని అవతలి పక్కకు దాటుతుంది, మెదడు నడుమనున్న థాలమస్‌లో మూడోది అందుకుని మెదడు పైపొరకు చేరుస్తుంది. బొటనవేలు గుమ్మానికి కొట్టుకున్నప్పుడు తగిలిన సంగతి ముందే తెలిసి, సలుపు ఆలస్యంగా రావడానికి కారణం కూడా వేగమే. ఆ సలుపును మోసే సన్నటి తంతువులకు మైలిన్ లేదు, సెకనుకు మీటరు నడక వాటిది.

ఒక సవరణ. స్పర్శ, కాలుచేతులు ఎక్కడున్నాయన్న కబురు రెండూ ఒకే దారిన పోతాయని పుస్తకాలు రాసేస్తాయి. చేతుల విషయంలో అది చాలావరకు సరే. కాలి కండరాల కదుళ్ల నుంచి వచ్చే తంతువులు మాత్రం వెన్నుపాము మధ్యలోనే దిగి, క్లార్క్ స్తంభం అనే చోట మరో కణానికి కబురు అప్పగిస్తాయి. అది ప్రధానంగా చిన్నమెదడుకు పోతుంది, దాని కొమ్మలు మెడుల్లాకు చేరతాయి.

ఇక తిమ్మిరి. కాలి నాడి నలిగి, దానికి రక్తం అందనప్పుడు ముందుగా మూగబోయేవి లావు తంతువులే. స్పర్శ, కాలు ఎక్కడుందన్న కబురు మోసేవి అవే. సన్నటి నొప్పి తంతువులు ఇంకాసేపు తట్టుకుంటాయి. అందుకే గిల్లితే తెలుస్తుంది, నేల ఆనింది మాత్రం తెలియదు. ఒత్తిడి తీసేశాక తంతువులు వాటంతటవే సంకేతాలు పేలుస్తాయి, చీమలు పాకినట్టుంటుంది.

ఈ కణానికి తన పొడవే శాపం కూడా. ప్రోటీన్లు ఎక్కువగా తయారయ్యేది నడుము దగ్గరున్న కణం ఒంట్లోనే. అక్కడి నుంచి కైనెసిన్ అనే కూలీ ప్రోటీన్లు సరుకును మోసుకెళతాయి. ఎంత వేగంగా నడిచినా రోజుకు 400 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలికి రెండున్నర రోజులు. తీగకు ఆకారమిచ్చే కొన్ని ప్రోటీన్లయితే రోజుకు మిల్లీమీటరు చొప్పునే కదులుతాయి. ఆ లెక్కన మీటరు దూరానికి దాదాపు మూడేళ్లు! కబురు రెప్పపాటులో పైకి పోయే దారిలోనే సరుకు ఏళ్ల తరబడి కిందికి నడుస్తోంది. షుగర్ వ్యాధి నరాలను దెబ్బతీసేటప్పుడు ముందు పాదాలు మొద్దుబారడానికి ఈ దూరం ఒక ముఖ్య కారణం. కొసలు ముందు చస్తాయి. మొద్దుదనం సాక్సు తొడిగినట్టు కిందినుంచి పైకి పాకుతుంది.

డాక్టరు 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని మోగించి మీ బొటనవేలి ఎముక మీద ఆనించి, "అదురు ఆగిపోగానే చెప్పండి" అంటారు. మీరు ఆగిందనగానే దాన్ని తన వేలికి ఆనించుకుంటారు. అక్కడది ఇంకా చాలాసేపు అదురుతూనే ఉంటే, మీ ఒంట్లోని అతి పొడవైన కణాల కొసలు దెబ్బతినడం మొదలైందని ఆయనకు అనుమానం వస్తుంది.