బెదురు గుర్రం: ఎద్దుల సీమలో పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

ఒంగోలు గిత్తల పేరు మోసిన ఈ ప్రాంతంలో పశువైద్యుడిగా నేను చూసే వాటిలో అధిక భాగం ఆవులు, గేదెలు, గొర్రెలే. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పిల్లల సవారీకి, పెళ్ళి ఊరేగింపులకు తెచ్చే పొట్టి గుర్రాలు అప్పుడప్పుడు మాత్రమే నా వద్దకు వస్తాయి. వాటి యజమానులు తరతరాలుగా ఎద్దుల మనసు ఎరిగినవారు. ఆ ఎరుకతోనే గుర్రాన్నీ సాకబోతారు. గుర్రం బెదురు గురించి నేను విన్న అపోహల్లో చాలావరకు అక్కడే పుట్టాయి.

అపోహ: బెదిరే గుర్రం పొగరుబోతు, నాలుగు తగిలిస్తే దారికి వస్తుంది.

ఎద్దు భయపడితే కొమ్ములు దించి నిలబడగలదు. గుర్రానికి కొమ్ములు లేవు. పరుగే దాని ఆయుధం. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల తల తిప్పకుండానే అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ముక్కుకు సూటిగా ఎదుట కొంత, తోక వెనుక కొంత మాత్రమే దానికి కనబడదు. ఇసుకలో ఎగిరిన ప్లాస్టిక్ సంచి ఏమిటో తేల్చుకునే లోపే దాని కాళ్ళు కదులుతాయి. ఆ క్షణంలో కొరడా పడితే, సంచిని చూసినప్పుడల్లా నొప్పి కలుగుతుందన్న పాఠమే దానికి మిగులుతుంది.

ఈ విషయం నేను పుస్తకంలో చదివినా, నమ్మింది నా తప్పు వల్లనే. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక గుర్రానికి సూది వేయవలసి వచ్చి, ముకుతాడు బిగించి ఎద్దును నిలిపినట్టే, దాని తలను వేపచెట్టుకు కురచగా కట్టించాను. తల కదలదని తెలియగానే అది వెనక్కి గుంజుకుంది, తాడు తెగి వెల్లకిలా పడింది, మెడ వాచింది. ఆ తరువాత కొన్ని నెలల పాటు తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఎవరు దగ్గరకు వచ్చినా వణికేదని యజమాని చెప్పాడు. ఇప్పుడు ఏ గుర్రాన్నయినా కట్టవలసి వస్తే, కట్టుకొయ్యకు ముందుగా జనపనార పురితో ఒక చిన్న వలయం వేయించి, తాడును దానికి జారుముడితో కట్టమంటాను. గట్టిగా గుంజితే పురి తెగుతుంది, మెడ దక్కుతుంది.

అపోహ: చెడ్డ సుడి ఉన్న గుర్రానికి బెదురు పోదు.

ఎద్దుల బేరంలో సుడులు చూసే అలవాటు గుర్రాల సంతకూ పాకింది. సుడి వల్ల ధర తగ్గుతుందేమో గానీ గుర్రం స్వభావం అక్కడ రాసిపెట్టి ఉండదు. కొనేటప్పుడు నేనైతే వీపు మీద పాత జీనుపుండ్ల మచ్చలను, నోటిలో పళ్ళ అంచులను చూస్తాను. గుర్రపు పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే వాటి అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తాయి. అప్పుడు కళ్ళెం చూడగానే తల ఎగరేసే గుర్రాన్ని మనం బెదురుదని అంటాము.

అపోహ: కట్టేసి పక్కనే టపాకాయలు కాలిస్తే చప్పుడుకు అలవాటుపడుతుంది.

పెళ్ళిళ్ళ కాలానికి ముందు చాలామంది చేసే పని ఇదే, అన్నిటికంటే ఎక్కువ చెడుపు చేసేదీ ఇదే. కొన్ని గుర్రాలు కాసేపటికి కొయ్యబారి నిలబడతాయి, ధైర్యం వచ్చిందని యజమాని సంతోషిస్తాడు. కనురెప్పపై ముడతలు, బిగిసిన ముక్కుపుటాలు, కాళ్ళ మధ్యకు నొక్కుకున్న తోక, మాటిమాటికీ పలుచగా వేసే లద్దె కనబడితే, అది శాంతం కాదు, తప్పించుకునే దారి లేదని తెలిసిన నిస్సహాయత.

అలవాటు చేయవలసింది దూరం నుండి. బ్యాండు మేళం సాధన చేసే చోటికి గుర్రాన్ని తీసుకువెళ్ళి, చెవులు అటు తిప్పి వింటూనే గడ్డి నమలగలిగినంత దూరంలో ఆపాలి. నమలడం ఆగితే ఎక్కువ దగ్గరకు వచ్చామని అర్థం. వెంటనే నాలుగు అడుగులు వెనక్కి తీసుకుపోవాలి. తల కిందికి దించి, వెనుక కాలు ఒకటి వదులు చేసి నిలబడితే, మరునాడు ఇంకొంచెం ముందుకు జరగవచ్చు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. తాడుతో ముందుకు పిలిచినప్పుడు అది ఒక్క అడుగు వేసినా ఆ క్షణంలోనే తాడు వదులు చేయాలి, ఎందుకంటే ఆలస్యంగా వదిలిన తాడు దేనికి బహుమతో గుర్రానికి తెలియదు. మెడ మీద దబదబా చరచడాన్ని మెచ్చుకోలుగా భావిస్తాము గానీ, గుర్రాలు పరస్పరం గోక్కునేది జూలు ముగిసే మూపు దగ్గర. అక్కడ వేళ్ళతో గోకితే వాటి గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. విశ్రాంతిలో ఎదిగిన గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుండి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింది ధమని మీద వేలు పెట్టి ఎవరైనా లెక్కించవచ్చు.

పట్టుకున్న మనిషి భయం గుర్రానికి చేరుతుందన్న మాట మాత్రం అపోహ కాదు. స్వీడన్‌లో జరిగి 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, గుర్రంతో నాలుగోసారి నడిచేటప్పుడు గొడుగు హఠాత్తుగా తెరుస్తామని మనుషులకు చెప్పి, నిజానికి తెరవలేదు. మనుషుల గుండెతో పాటు గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది.

అపోహ: ఒక కంటితో చూసింది రెండో కంటికి తెలియదు.

పోయేటప్పుడు పట్టించుకోని బోర్డును చూసి తిరిగి వచ్చేటప్పుడు బెదరడం వల్ల ఈ నమ్మకం కలిగింది. ఒక కంటితో నేర్చిన దానిని గుర్రం రెండో కంటితోనూ గుర్తుపడుతుందని పరీక్షల్లో తేలింది. అయితే వెనుక వైపు నుండి అదే బోర్డు వేరే ఆకారంలో, వేరే వెలుగులో కనబడుతుంది. కనుక ప్రతి వస్తువునూ రెండు వైపుల నుండీ చూపించాలి.

అపోహ: ఎద్దుకు పెట్టినట్టే పూటకోసారి మేపితే చాలు, దాణా తగ్గితే అదే నెమ్మదిస్తుంది.

ఎద్దు నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. దానిని తగ్గించే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. గంటల తరబడి ఖాళీగా నిలబెడితే పుండ్లు పడవచ్చు, జీను పట్టీ బిగించగానే కరవబోయే గుర్రంలో నేను మొదట అనుమానించే కారణాల్లో అది ఒకటి. 200 కిలోల గుర్రానికి రోజుకు కనీసం మూడు కిలోల ఎండుమేత విడతలు విడతలుగా అందాలి. నానబెట్టి ఉడికించిన ఉలవలు ఆ పైన కొద్దిగా పెట్టవచ్చు, కానీ గింజలు అధికమైతే ఉలికిపాటు ఎక్కువవుతుంది. నెల్లూరు మిల్లుల్లో చవకగా దొరికే తవుడే ప్రధాన దాణా కారాదు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడం వల్ల ఎముకలు బలహీనపడతాయి. కోళ్ళ మేతలోనూ, కొన్ని పశువుల దాణాల్లోనూ కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

అపోహ: ఒంటరిగా ఉంచితేనే మనిషికి మచ్చిక అవుతుంది.

గుర్రం మందలో బతికే జంతువు, తోడు లేని కొట్టంలో అది నిశ్చింతగా పడుకోదు. నిలబడి కునుకు తీయగలదు గానీ గాఢమైన కలల నిద్రకు నేల మీద పడుకోవలసిందే. మరో గుర్రాన్ని కొనలేనివారు ఒక మేకను తోడుగా కట్టినా తేడా కనబడుతుంది.

అపోహ: ఊరేగింపు రోజున మత్తు సూది వేయిస్తే సరిపోతుంది.

ఇందుకోసం నా వద్దకు వచ్చిన ఎవరికీ నేను సూది వేయలేదు. మత్తులో ఉన్న గుర్రం తూలుతుంది, మందకొడిగా కనబడుతూనే ఒక్కసారిగా తన్నగలదు, దాని మీద కూర్చున్నది పెళ్ళికొడుకు. పళ్ళు అరగదీయడానికో, గాయానికి కుట్లు వేయడానికో మత్తు ఇచ్చినప్పుడు ఆ రోజంతా దానికి జీను వేయనని యజమాని చేత ముందే ఒప్పించుకుంటాను, మత్తు పూర్తిగా దిగేవరకు మేత పెట్టనివ్వను.