సైంటిస్టులు ప్లేస్టేషన్లు ఎందుకు కొన్నారు?

పిల్లలూ,

గేములాడే బాక్సులో అంత పవర్ ఉంటే సైంటిస్టులు కూడా అదే కొనుక్కోవచ్చు కదా, కోట్లు పోసి సూపర్ కంప్యూటర్లెందుకు అని మీలో ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. నిజంగానే కొన్నారు, వందల లెక్కన కొన్నారు. అదంతా సోనీ కంపెనీ గేము బాక్సు "ప్లేస్టేషన్ 3" వచ్చిన రోజుల మాట, మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు.

అది 2006 నవంబర్‌లో వచ్చింది. అందులోని ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్) పేరు సెల్. దాన్ని సోనీ, తోషిబా, ఐబీఎం కంపెనీలు మూడూ కలిసి తయారుచేశాయి. అందులో ఒక మామూలు కోర్ (చిప్‌లో విడిగా లెక్కలు చేసే భాగం), దాని చుట్టూ లెక్కల కోసమే పెట్టిన చిన్న కోర్లు 8. ఇంత పెద్ద చిప్ తయారుచేసేటప్పుడు కొన్నిటిలో ఒక కోర్ పాడైపోతుంది, వాటిని పారేయకుండా వాడుకోవడానికి ప్లేస్టేషన్‌లో 7 మాత్రమే పనిచేయించారు. అందులో ఒకటి సిస్టమ్ తీసుకునేది, గేముకు మిగిలేవి 6. ఒక్కో చిన్న కోర్ సెకనుకు 2,560 కోట్ల లెక్కల దాకా చేయగలదు. ఆరూ ఒకేసారి పరుగెత్తితే అప్పటి ఇంటి కంప్యూటర్ ప్రాసెసర్ వెనకబడిపోవాల్సిందే.

అయితే ఆ పరుగు ఊరికే రాదు. ఒక్కో చిన్న కోర్ దగ్గర ఉండే సొంత మెమరీ 256 కిలోబైట్లు, అంతే. ప్రోగ్రామూ డేటా రెండూ అందులోనే సర్దుకోవాలి. పెళ్లివంటలో పొయ్యి దగ్గర చిన్న బల్ల ఒకటే ఉండి సరుకంతా దూరంగా కొట్టుగదిలో ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట, ఒక వాయి వేగుతుండగానే రెండో వాయికి కూరలు తరిగి తెచ్చి పెట్టేవాళ్లు లేకపోతే వంటవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. సెల్‌లో ఆ తెచ్చిపెట్టే పని తనంతట తాను జరగదు, ఏ ముక్క ఎప్పుడు రావాలో ప్రోగ్రామర్ వరస వరసా రాయాలి. దానికి తోడు "ఇలా అయితే ఇటు, అలా అయితే అటు" అనే మలుపులు ఎక్కువున్న పనిలో ఈ చిన్న కోర్లు తడబడతాయి, ఎటు వెళ్లాలో ముందే ఊహించే ఏర్పాటు వాటికి పెట్టలేదు. గేములో శత్రువు ఏం చేయాలి, తలుపు తెరుచుకోవాలా వద్దా, అన్నీ ఆ మలుపులే. అందుకే మొదటి కొన్నేళ్లు గేము కంపెనీలు నానా తంటాలు పడ్డాయి, ఒకే గేము మైక్రోసాఫ్ట్ వాళ్ల పోటీ బాక్సు ఎక్స్‌బాక్స్ 360 మీద చాలాసార్లు ఇంతకన్నా బాగా ఆడేది.

సైంటిస్టులకు కావలసింది వేరు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ డార్ట్‌మత్ క్యాంపస్‌లో గౌరవ్ ఖన్నా అనే భౌతిక శాస్త్రవేత్త 2007లో ప్లేస్టేషన్లను కలిపి బ్లాక్ హోల్ లెక్కలు మొదలుపెట్టారు. పెద్ద బ్లాక్ హోల్ చుట్టూ చిన్నది తిరుగుతూ అందులో పడిపోయేటప్పుడు ఎలాంటి గురుత్వ తరంగాలు (గురుత్వాకర్షణ వల్ల లేచే అలలు) పుడతాయన్నది ఆయన లెక్క. ఒకే సూత్రాన్ని లక్షల సార్లు తిప్పి తిప్పి వేయడమే, మలుపులు తక్కువ. ప్రోగ్రామ్ రాయడానికి ఎంత కష్టపడ్డా ఒక్కసారి రాస్తే రోజుల తరబడి నడుస్తుంది, పడిన కష్టానికి ఫలితం దక్కుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ ఊళ్లో ఉన్న అమెరికా వైమానిక దళం ల్యాబ్ అయితే ఏకంగా 1,700కు పైగా ప్లేస్టేషన్లతో 2010లో కాండోర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టింది, ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు.

అంత చవగ్గా ఎలా వచ్చిందంటారా, అసలు కిటుకు ఇక్కడుంది. మొదటి కొన్నేళ్లు సోనీ ఆ బాక్సును తయారీ ఖర్చు కన్నా తక్కువకు అమ్మింది, అమ్మిన ప్రతి బాక్సు మీదా నష్టమే, ఆ నష్టం గేముల అమ్మకంలో రాబట్టుకోవాలని లెక్క. ల్యాబ్‌వాళ్లు వందల బాక్సులు కొంటారు, గేము ఒక్కటీ కొనరు. అంటే ఆ బ్లాక్ హోల్ లెక్కల ఖర్చులో కొంత గేములు కొన్న మీ అన్నయ్యలూ అక్కయ్యలూ పెట్టుకున్నట్టే. గేములకు వాడితే చిప్ వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆడేవాళ్లు లేకపోతే ఆ ధరకు ఆ చిప్ ఎవరికీ దొరికేదే కాదు.

అలాగని సైన్సుకు అన్నివిధాలా సరిపోయిందనీ కాదు. సైన్సులో చాలా లెక్కలకు దశాంశాల తర్వాత ఎక్కువ అంకెలు కావాలి, లేకపోతే చిన్న తప్పులు పేరుకుపోతాయి. అలాంటి లెక్కల్లో ప్లేస్టేషన్ సెల్ వేగం దాదాపు పద్నాలుగో వంతుకు పడిపోయేది. ప్రధాన మెమరీ కూడా 256 మెగాబైట్లే. ఐబీఎం ఆ వేగం లోపాన్ని సరిచేసి వేరే సెల్ చిప్ తెచ్చింది, దాంతోనే అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో ఉన్న రోడ్‌రన్నర్ 2008లో ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లలో మొదటిసారి పెటాఫ్లాప్ (సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) గీత దాటింది.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. మొదట్లో ఈ బాక్సులో సొంత ప్రోగ్రాములు నడుపుకోవడానికి లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకునే సౌకర్యం సోనీయే ఇచ్చింది, సైంటిస్టులు దాన్ని నమ్ముకునే కొన్నారు. 2010 ఏప్రిల్‌లో భద్రత పేరు చెప్పి ఒక అప్‌డేట్‌తో దాన్ని తీసేసింది. ల్యాబుల్లో ఉన్నవి అప్‌డేట్ చేయకుండా నడుపుకున్నారు సరే, ఒకటి పాడైతే దాని స్థానంలో పెట్టడానికి అలాంటిదే మరొకటి దొరకడం కష్టమైపోయింది. డబ్బు తీసుకుని అమ్మిన సౌకర్యాన్ని తర్వాత లాగేసుకోవడం ఎంతమాత్రం న్యాయం కాదు. అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కితే చివరకు సోనీ రాజీకొచ్చి డబ్బు కట్టింది.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో సెల్ లేదు, మామూలు కంప్యూటర్ల తరహా ఏఎండీ చిప్ పెట్టారు. ఈలోగా ల్యాబులూ గ్రాఫిక్స్ కార్డుల వైపు మళ్లాయి, అవీ గేములాడేవాళ్ల డబ్బుతో పెరిగినవే. మీకు చేసి చూడాలనుంటే ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఉంది. ప్రోటీన్లు ఎలా ముడుచుకుంటాయో లెక్కగట్టే ఆ ప్రాజెక్టులో 2007 నుంచి 2012 దాకా ప్లేస్టేషన్లు కూడా పనిచేశాయి, ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీద నడపొచ్చు. కరెంటు మాత్రం బాగా లాగుతుంది, బిల్లు కట్టేది అమ్మానాన్నలు కాబట్టి వాళ్లనడిగి మొదలుపెట్టండి.

మీ తాతయ్య