బఠాణీ గింజంత బంక

పళ్ల సెట్టు కట్టించుకున్నవాళ్లను ఎవరిని అడిగినా బాధంతా కింది సెట్టు గురించే చెబుతారు. పైది కరుచుకుని కూర్చుంటుంది. కిందిది మాట్లాడితే లేస్తుంది, నవ్వితే కదులుతుంది. తిరుపతి లడ్డూ నములుతుంటే అందులోని కలకండ పలుకొకటి కిందికి దూరి చిగురులో గుచ్చుకుంటుంది. అంతే, మందుల షాపుకు మనిషిని పంపి, సెట్టు కదలకుండా లోపల పూసే బంక ట్యూబు తెప్పించుకుంటారు. ట్యూబు కొనడం తప్పేమీ కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. కాకపోతే ఎంత పెట్టాలో, ఎక్కడ పెట్టాలో, ఏ నోటికి అసలు పెట్టకూడదో షాపులో ఎవరూ చెప్పరు. ట్యూబు మీద అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

బంక లేకుండా సెట్టు ఎలా నిలుస్తుందో ముందు చూద్దాం. రెండు చిన్న గాజు పలకల మధ్య ఒక్క చుక్క నీళ్లు వేసి నొక్కండి. పక్కకు జరపడం తేలిక, నిట్టనిలువుగా లాగి విడదీయడం కష్టం. సెట్టుకూ చిగురుకూ మధ్య లాలాజలం చేసేది ఈ పనే. ఆ పొర పల్చనయ్యేకొద్దీ పట్టు పెరుగుతుంది. ద్రవం చిక్కగా ఉంటే పట్టు ఇంకా గట్టిపడుతుంది. ఆనే చోటు ఎంత వెడల్పయితే అంత మంచిది. అంచుల చుట్టూ బుగ్గలూ పెదవీ మెత్తగా ఆనుకుని గాలి దూరకుండా మూసి ఉంచుతాయి.

పై సెట్టుకు అంగిలి మొత్తం ఆసరా, సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. కింది సెట్టు గుర్రపు నాడాలా వంపు తిరిగి, మధ్యలో నాలుకకు చోటు వదిలి ఉంటుంది. దానికి దొరికేది 12 చదరపు సెంటీమీటర్లే. సగం ఆసరా, పక్కనే క్షణం ఊరుకోని నాలుక. ఇక ఎముక సంగతి. పళ్లు తీయించాక దవడ గట్టు అరుగుతూ పోతుంది. మొదటి ఏడాది ఎక్కువగా, తర్వాత నెమ్మదిగా, కానీ ఆగకుండా. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 25 ఏళ్లపాటు సెట్టు వాడినవారి ఎక్స్‌రేలు పోల్చి 1972లో ప్రచురించిన లెక్క ప్రకారం, కింది దవడ గట్టు పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు అరిగింది. సెట్టు మాత్రం అరిగిన దవడతోపాటు తగ్గదు. అచ్చు తీసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. మధ్యలో ఖాళీ పెరుగుతుంది, నీటి పొర మందమవుతుంది, పట్టు సడలుతుంది.

నోరు ఎండినా అంతే. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలు, ఒంట్లో నీరు లాగే మాత్రలు, అలర్జీ మాత్రలు, నిద్రకు, దిగులుకు ఇచ్చేవి లాలాజలాన్ని తగ్గిస్తాయి. మే నెలలో తిరుమల కొండమీద దర్శనం కంపార్ట్‌మెంటులో నాలుగైదు గంటలు నీళ్లు తాగకుండా కూర్చున్న పెద్దాయనకు పొద్దున బాగున్న సెట్టే మధ్యాహ్నానికి లటలటలాడుతుంది. అప్పుడు బంకకన్నా ముందు నీళ్లు కావాలి. బంక కూడా తడి తగిలితేనే పనిచేస్తుంది.

ఇప్పుడు బంక. పాతరోజుల్లో ప్రపంచమంతా వాడిన పళ్ల సెట్టు పొడుల్లో ముఖ్యమైన సరుకు మన కొండల్లోనే ఉంది. శేషాచలం అడవుల్లో రాళ్ల మధ్య, తెల్లటి నున్నటి బెరడుతో, ఎండాకాలం ఆకులన్నీ రాల్చి నిలబడే తపసి చెట్టు బంక అది. బయటి దేశాల్లో కరాయా బంక అంటారు. నీళ్లు తగిలితే విపరీతంగా ఉబ్బి జిగురవుతుంది. గుణం మంచిదే గానీ మూడు లోపాలున్నాయి: వేడి కాఫీకి త్వరగా కరుగుతుంది, కొందరికి పడదు, పైగా పుల్లటిది. ఆ పులుపు నోట్లో మిగిలిన సొంత పళ్ల మీది గట్టి పొరను తినేస్తుంది. అందుకే ఇప్పటి మంచి క్రీముల్లో దాని చోటును వేరే పదార్థాలు తీసుకున్నాయి.

వాటిలో ఒకటి సోడియం కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, క్లుప్తంగా సీఎంసీ. తడి తగిలిన వెంటనే ఉబ్బి అతుక్కుంటుంది, కొన్ని గంటల్లో కరిగిపోతుంది. రెండోది పీవీఎం-ఎంఏ అనే పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. నీళ్లు నెమ్మదిగా పీల్చుకుంటుంది, అందుకే నెమ్మదిగా పట్టి ఎక్కువసేపు ఉంటుంది. దీని గొలుసులను కాల్షియం, కొన్నిటిలో జింక్ కలిపి ఉంచుతాయి. రెండూ కలిసిన క్రీము పొద్దున పెడితే మొదటి గంటలో సీఎంసీ, తర్వాత రెండోది పని చూసుకుంటాయి. మిగతాదంతా వాజలైన్, మినరల్ ఆయిల్, రంగు, పుదీనా వాసన. సారాంశంలో ఈ బంక చేసేది లాలాజలాన్ని చిక్కబరచడం, ఉబ్బి సన్నటి ఖాళీలు పూడ్చడం. గోడకు పోస్టరు అంటించినట్టు సెట్టును దవడకు అంటించదు.

ఫలితం ఉందా అంటే ఉంది. నోట్లో కొలిచి చూసిన అధ్యయనాల్లో సెట్టు ఊడిరావడానికి కావలసిన బలం పెరిగింది, నమిలేటప్పుడు కదలిక తగ్గింది, కొరికే బలం పెరిగింది, కిందికి దూరే మెతుకులు తగ్గాయి. బాగా సరిపోయిన సెట్టుకూ లాభమే. నమలడం ఎంత మెరుగవుతుందన్న దగ్గర మాత్రం ఫలితాలు ఒకేలా లేవు. ముందు పళ్లతో జామకాయ కొరికితే సెట్టును ఆపడం ఏ బంకకూ సాధ్యం కాదు. ముందు వైపు నొక్కితే వెనక వైపు లేస్తుంది, తక్కెడలాగ. మామిడికాయైనా జామకాయైనా చిన్న ముక్కలు కోసి, రెండు వైపులా పంచుకుని, వెనక పళ్లతో నమలాలి. చెనిక్కాయ పలుకులకంటే వాటిని నూరి చేసే ఊరిబిండి మేలు. రాగి సంగటి ముద్దను పులుసులో ముంచి మింగేదే కాబట్టి దానితో పేచీ లేదు.

పెట్టే పద్ధతి ఇది. సెట్టును శుభ్రంగా కడిగి, నోరు పుక్కిలించాలి. క్రీమైతే సెట్టు లోపలి వైపు, అంటే చిగురుకు ఆనే వైపు, పొడి గుడ్డతో తడి తుడవాలి. నోరు బాగా ఎండేవాళ్లు మాత్రం కొద్దిగా తడి ఉంచుకోవచ్చు. కింది సెట్టుకు కాలువలాంటి గుంటలో మూడు చోట్ల, ముందొకటి, వెనక అటొకటి ఇటొకటి, బఠాణీ గింజంత చొప్పున పెట్టాలి. పైదానికి అలాగే మూడు, అవసరమైతే అంగిలి నడుమ నాలుగోది. టూత్‌పేస్టులా పొడవుగా గీయకూడదు. అంచుకు అర సెంటీమీటరు దూరం వదలాలి. నొక్కితే అదే పరుచుకుంటుంది. నోట్లో పెట్టి వేలితో కొన్ని క్షణాలు గట్టిగా అదిమి, పళ్లు కలిపి ఒక నిమిషం కరిచి పట్టుకోవాలి. ఐదు నిమిషాలు తినకుండా, తాగకుండా ఉంటే పట్టు కుదురుకుంటుంది.

అంచుల నుంచి బంక బయటికి కారి నాలుకకు తగిలిందంటే ఎక్కువైందని అర్థం. మర్నాడు తగ్గించాలి. ఎక్కువ పెడితే ఎక్కువ పట్టు ఉంటుందనుకోవడమే అందరూ చేసే తప్పు. మందంగా పెట్టిన బంక సెట్టును ఎత్తి నిలబెడుతుంది. పైపళ్లు కిందిపళ్లకు ఒకవైపు ముందు తగులుతాయి, ఆ వైపే భారం పడుతుంది, చిగురు ఒరుసుకుని పుండవుతుంది. పొర పల్చగా ఉంటేనే పట్టు అని గాజు పలకలు చెప్పింది బంకకూ వర్తిస్తుంది.

పొడి వాడేవాళ్లు పద్ధతి తిరగేయాలి. సెట్టు తడిగా ఉండాలి. విభూతి రాసినంత పల్చగా చల్లి, తలకిందులు చేసి తట్టి మిగిలింది దులిపేయాలి. పొడి పట్టు క్రీమంతసేపు ఉండదు గానీ కడగడం సుళువు, పొర మందమయ్యే భయం తక్కువ. సరిపోయిన సెట్టుకు పొడి చాలు.

తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించి, నోరు మూసి బుగ్గలు పూరించాలి. గాలి అంచు కింద దూరి పట్టు వదులుతుంది. అప్పుడు ముందు పళ్లు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపితే వస్తుంది. గోటితో పొడిచి లాగకూడదు. బేసిన్‌లో సగం నీళ్లు నింపో, తువ్వాలు మడిచి పరిచో దానిమీద కడగాలి. చేతిలోంచి జారి నాపరాయి మీద పడిందంటే రెండు ముక్కలే. మెత్తటి బ్రష్షు, చేతులు కడిగే సబ్బు చాలు. టూత్‌పేస్టు వద్దు, అందులోని రాపిడి పొడి ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు పెడుతుంది, గీతల్లో ఫంగస్ చేరుతుంది. మరిగిన నీళ్లు పోస్తే సెట్టు వంకరపోతుంది. చిగుళ్ల మీద మిగిలిన జిగురును తడి నూలుగుడ్డ వేలికి చుట్టి తుడవాలి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. నిన్నటి బంక మీద ఇవాళ్టి బంక పూస్తూ పోతే అంగిలి ఎర్రబడి మండవచ్చు, షుగరున్నవాళ్లకు మరీ త్వరగా.

రాత్రి సెట్టు నోట్లో ఉండకూడదు, మామూలు నీళ్లలో ఉండాలి. జపాన్‌లో 85 ఏళ్లు పైబడిన 524 మందిని మూడేళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టు పెట్టుకునే పడుకున్నవారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. నానబెట్టే మాత్రలు వాడితే పొద్దున ధారాళంగా కడిగాకే నోట్లో పెట్టుకోవాలి. కొన్నిటిలో ఉండే పర్‌సల్ఫేట్ అనే రసాయనం కొందరికి పడదు.

భద్రత విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవాల్సింది జింక్ గురించి. అమెరికాలో నరాల వైద్యులు 2008లో నలుగురు రోగుల వివరాలు ప్రచురించారు. కాళ్లు తిమ్మిరి, నడక తూలడం, రక్తహీనత. అందరూ సెట్టు వాడేవాళ్లే, వారానికి రెండు ట్యూబులు, ఆపైన పూస్తున్నవాళ్లే. అప్పటి క్రీముల్లో గ్రాముకు 17 నుంచి 34 మిల్లీగ్రాముల జింక్ ఉండేది. 68 గ్రాముల ట్యూబులు వారానికి రెండంటే రోజుకు 330 మిల్లీగ్రాములు దాటుతుంది. పెద్దవారికి రోజుకు మించకూడని హద్దు 40. జింక్ మోతాదు మించితే పేగు గోడల్లో ఒక ప్రోటీన్ పెరిగి, తిండిలోని రాగిని, అంటే కాపర్ అనే లోహాన్ని, పట్టేసుకుని మలంతో బయటికి పంపేస్తుంది. రాగి లేక ఎముక మూలుగ రక్తం చేయలేదు, వెన్నుపాము నరాలు పాడవుతాయి. ఆపితే రక్తం తిరిగి కుదుటపడుతుంది గానీ పోయిన నరాల బలం పూర్తిగా రాదు. 2010 ఫిబ్రవరిలో గ్లాక్సో స్మిత్‌క్లైన్ అనే మందుల కంపెనీ జింక్ ఉన్న తన పోలిగ్రిప్ క్రీముల తయారీ ఆపేసింది.

బఠాణీ గింజంత పెట్టేవారికి ఆ జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. అయినా పెట్టె మీద చూసి జింక్ లేనిదే కొనండి, ముఖ్యంగా విడిగా జింక్ మాత్రలు వేసుకునేవారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియకపోతే, అరికాళ్లు మొద్దుబారితే, షుగరు వల్లే అనుకుని సరిపెట్టుకుంటారు. ఏళ్లుగా క్రీము ఎక్కువగా వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మీరు చెప్పనిదే ఆయనకు తోచదు. రక్తంలో జింక్, రాగి పరీక్ష చేస్తే తేలిపోతుంది.

ఎంత వాడుతున్నారో ఇంట్లోనే లెక్కగట్టవచ్చు. రెండు సెట్లకూ రోజూ పెట్టినా 68 గ్రాముల ట్యూబు ఏడెనిమిది వారాలు రావాలి. అంటే రోజుకు గ్రాము నుంచి గ్రామున్నర లోపు. 20 గ్రాముల చిన్న ట్యూబైతే రెండు మూడు వారాలు, కింది సెట్టుకు మాత్రమే వాడితే ఇంకా ఎక్కువ. ట్యూబు విప్పిన రోజునే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. ఆరు నెలల కింద మూడు వారాలొచ్చిన ట్యూబు ఇప్పుడు వారం కూడా రాకపోతే దవడ అరిగిందని ట్యూబే చెబుతోంది. పెంచాల్సింది బంక కాదు. సెట్టు లోపలి వైపు కొత్త పొర వేయించాలి, దాన్ని రీలైనింగ్ అంటారు. పళ్లు కూడా అరిగి ఉంటే కొత్త సెట్టే దారి. కింది పళ్లన్నీ పోయినవారికి దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే చిన్న మరలు) వేసి సెట్టును గుండీల్లా వాటికి బిగించడం మేలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు తీర్మానించారు. తిరుపతిలో సీకేఎస్ తేజ వంటి దంత వైద్య కళాశాలల్లో ప్రోస్థోడాంటిక్స్ విభాగం చూసేది ఈ పనులే.

బంక అసలు పెట్టకూడనివాళ్లూ ఉన్నారు. పళ్లు తీసిన పుండు మానకముందు డాక్టరు చెప్పనిదే వద్దు. విరిగిన సెట్టును బంకతో అతికించి నోట్లో పెట్టుకోవడం అసలే వద్దు. చిగురు మీద పుండుంటే సెట్టు తీసి ఉంచాలి. రెండు వారాల్లో మానని పుండు, తెల్లటి మచ్చ, గట్టిపడిన చోటు, ముఖ్యంగా వక్కాకు, పొగాకు అలవాటున్నవారికి, వెంటనే చూపించాల్సినవి. బంక పట్టు నొప్పిని కొన్నాళ్లు దాచేయగలదు.

ఇబ్బంది లేకపోయినా ఏడాదికొకసారి పళ్ల డాక్టరుకు చూపించాలి. వెళ్లేరోజు సెట్టుకు బంక పెట్టకండి, పెడితే అసలు పట్టెంతో ఆయనకు తెలియదు. తేదీ రాసిన ట్యూబును మాత్రం సంచిలో వేసుకెళ్లండి.