మా ఇంటికి ఎవరూ రాలేదే! సర్వేలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మూడు కోట్ల ఓటర్లున్న రాష్ట్రంలో వెయ్యి మందిని అడిగితే ఏం తెలుస్తుంది?

వాస్తవం: ఎలాంటి మొగ్గూ లేకుండా, ర్యాండమ్‌గా ఎంచుకున్న వెయ్యి మందైతే ఫలితం దాదాపు 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఓటర్లు 30 లక్షలైనా 3 కోట్లైనా ఈ లెక్క మారదు. ఆ తేడాను సగానికి తగ్గించాలంటే మాత్రం 4,000 మంది కావాలి, ఖర్చూ దాదాపు నాలుగింతలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అంటారు కానీ, పాతబస్తీ, కొండాపూర్, ఉప్పల్ ఒకేలా ఉడకవు. అందుకే ఎన్ని మెతుకులన్నది కాదు, ఎక్కడెక్కడివి అన్నది చూడాలి.

అపోహ: లక్షల మంది ఓటేసిన యూట్యూబ్ పోల్ ఇంకా నమ్మకమైనది.

వాస్తవం: 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఓటు ఎవరికని అడుగుతూ పంపిన కార్డుల్లో 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ఆ పత్రిక చెప్పింది. ఆయన భారీ మెజారిటీతో గెలిచాడు. కార్డులు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లకే వెళ్లాయి. పైగా ఆయనపై కోపం ఉన్నవాళ్లే ఎక్కువగా ఓపిగ్గా తిరిగి పంపారు.

అపోహ: సర్వే అంటే చౌరస్తాలో నిలబడి కనబడినవాళ్లను అడగడమే.

వాస్తవం: అలా చేసేవాళ్లూ ఉన్నారు, కాదనలేం. సరైన పద్ధతి ఇది. బూత్ లిస్టులో 1,200 మంది ఉండి, 20 మంది కావాలనుకోండి. 1,200ను 20తో భాగిస్తే 60. 1 నుంచి 60 లోపు ఒక చీటీ తీయాలి. 17 వస్తే వరుసగా 17, 77, 137... ఆ పేర్లనే వెతుక్కుంటూ వెళ్లాలి. హైదరాబాద్‌లో అసలు తిప్పలు ఇక్కడే. ఓటు అమీర్‌పేటలో, మనిషి మియాపూర్‌లో. అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. మధ్యాహ్నం వెళ్తే గృహిణులు, పెద్దవాళ్లే ఉంటారు. అందుకే ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లాలి. అందులో ఒకటి సాయంత్రం 7 తర్వాతో, ఆదివారమో అయి తీరాలి. "ఆయన లేడు, పక్కింటాయన ఉన్నాడుగా" అని ఫారం నింపేస్తే శాంపిల్ అక్కడే చెడిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పదిమందిలో ఒకరికైనా సూపర్‌వైజర్ ఫోన్ చేసి సరిచూడాలి. 20 నిమిషాల ఇంటర్వ్యూ 6 నిమిషాల్లో ముగిసినట్టు ట్యాబ్‌లో కనబడితే ఆ ఫారం చెత్తబుట్టకే.

అపోహ: జనం అబద్ధాలే చెబుతారు, ఇంకెందుకు అడగడం?

వాస్తవం: అడిగే తీరును బట్టి ఉంటుంది. ఓటు ఎవరికని నోటితో అడగకుండా, గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమంటే మొహమాటం తగ్గుతుంది. సామాజిక విషయాల్లో మాటే ముఖ్యం. "కులాంతర వివాహాలు మంచివేనా?" అంటే అవుననేవాళ్లే, "మీ అమ్మాయి చేసుకుంటానంటే?" అనగానే తడబడొచ్చు. అత్తగారు పక్కనుంటే కోడలి జవాబు మారిపోవచ్చు. పెన్షన్ గురించి అడిగిన వెంటనే ప్రభుత్వ పనితీరు అడిగితే అదీ మారుతుంది.

అపోహ: వెయిటేజీ అంటే అంకెలు మార్చేయడం.

వాస్తవం: శాంపిల్‌లో 65 శాతం మగవాళ్లు వచ్చి, ఓటర్లలో సగమే ఉంటే, ఒక్కో మగవారిని 0.77గా, ఒక్కో ఆడవారిని 1.43గా లెక్కిస్తాం. దీనికి మూల్యం ఉంది. కచ్చితత్వంలో వెయ్యి మంది శాంపిల్ దాదాపు 910 మందితో సమానమవుతుంది.

అపోహ: ఓట్ల శాతం సరిగ్గా పట్టుకుంటే సీట్లూ సరిగ్గా వస్తాయి.

వాస్తవం: 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 39 శాతం దాటి, బీఆర్‌ఎస్‌కు 37 శాతం దాటి ఓట్లొచ్చాయి. తేడా 2 శాతమే, సీట్లు మాత్రం 64, 39. వెయ్యి మంది శాంపిల్‌లో రెండు పార్టీల మధ్య తేడాకు పొరపాటు పరిధి 5 శాతం దాటుతుంది. అంటే అప్పుడు ఎవరు ముందున్నారో కూడా ఆ శాంపిల్ తేల్చలేదు. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు కాబట్టి, నగరంలోనే తిరిగినవాళ్లకు లెక్క ఇంకా తలకిందులు.

అపోహ: మన ఓటింగ్ అయిపోయిందిగా, ఎగ్జిట్ పోల్ వేసుకోవచ్చు.

వాస్తవం: ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ ప్రకారం చివరి విడత ముగిసిన అరగంట దాకా కుదరదు. 2024లో హైదరాబాద్ మే 13న ఓటేసినా, ఎగ్జిట్ పోల్స్ జూన్ 1 సాయంత్రమే వచ్చాయి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.